తుపాను తీరం దాటాక డ్యూటీ దిగేదెవరు? ఆసుపత్రి సిబ్బందిపై విపత్తుల మానసిక భారం

సంక్షిప్తంగా: విపత్తు వేళ ఆసుపత్రి సిబ్బందిని కళ్లెదుట కనిపించిన రక్తం కన్నా, చేయాలని తెలిసీ చేయలేకపోయిన పని ఎక్కువ కాలం వేధిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తుపానులు, రైలు ప్రమాదాలు, కొవిడ్ ఒకదాని వెనుక ఒకటి రావడంతో ఈ భారం తీరకుండానే పెరుగుతోంది. ఒక పూట కౌన్సెలింగ్ దీనికి చాలదు. డ్యూటీ చార్టు, విశ్రాంతి, సిబ్బంది సంఖ్య, పై అధికారి మాటతీరు అంతకన్నా ఎక్కువ ప్రభావం చూపుతాయి.

పెద్ద ప్రమాదం జరిగిన మరునాటి వార్తల్లో ఆసుపత్రి గురించి ఒక వాక్యం తప్పక ఉంటుంది. క్షతగాత్రులను ఆసుపత్రికి తరలించారు, వైద్యులు చికిత్స అందిస్తున్నారు. అంతటితో ఆసుపత్రి ప్రస్తావన ముగుస్తుంది. మృతుల సంఖ్య, ఎక్స్‌గ్రేషియా, కూలిన కరెంటు స్తంభాలు, నేలకొరిగిన కొబ్బరి చెట్లు, మంత్రుల పరామర్శ అన్నీ లెక్కకెక్కుతాయి. ఆ రాత్రి క్యాజువాలిటీలో ఉన్న స్టాఫ్ నర్సుకు వారం తర్వాత నిద్ర పడుతోందా లేదా అన్నది ఏ నివేదికలోనూ కనిపించదు.

దీనిపై చాలామందికి ఒక సందేహం ఉంటుంది. రోజూ చావును చూసేవాళ్లు కదా, వారికి కొత్తేముంది? ఈ ప్రశ్న వేసేది బయటివాళ్లే కాదు. ఆసుపత్రుల్లో సీనియర్లు కూడా జూనియర్లతో ఇదే మాట అంటుంటారు. అందుకే దాన్ని పక్కన పెట్టకుండా, విడమరిచి చూడాలి.

అక్టోబరు గండం

ఉత్తరాంధ్ర తీరానికి అక్టోబరు అచ్చిరాని నెల. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ వద్ద తీరం దాటుతూ శ్రీకాకుళం జిల్లాను కూడా కుదిపింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడింది. పక్కనున్న విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ వదలలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖ-పలాస, విశాఖ-రాయగడ ప్యాసింజర్ రైళ్లు ఢీకొని 14 మంది చనిపోయారు. 2024 అక్టోబరులో అదే జిల్లా గుర్ల మండలంలో అతిసారం ప్రబలింది.

మిగిలిన నెలలు కూడా ఖాళీగా పోలేదు. 2017 జనవరి 21 రాత్రి అప్పటి విజయనగరం జిల్లా కూనేరు వద్ద హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి సుమారు 40 మంది ప్రాణాలు పోయాయి. 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గర, ఆగిన రైలు నుంచి పట్టాల మీదికి దిగిన ప్రయాణికులను కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఢీకొంది. 2025 నవంబరు 1న కాశీబుగ్గ వేంకటేశ్వర స్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగింది. మృతుల్లో ఎక్కువమంది మహిళలే.

ఈ జాబితాను సిబ్బంది వైపు నుంచి చదివితే వేరే సంగతి తెలుస్తుంది. ఇవన్నీ వేర్వేరు ఘటనలు, కానీ వీటిని అందుకున్న ఆసుపత్రులు గుప్పెడే. ఒకే ఉద్యోగి పదేళ్ల సర్వీసులో రెండు తుపానులు, ఒక రైలు ప్రమాదం, కొవిడ్ చూసి ఉండటం ఇక్కడ అరుదేమీ కాదు. మొదటి ఘటన తాలూకు భారం దిగకముందే రెండోది వస్తుంది. వాతావరణ కేంద్రం అల్పపీడనం హెచ్చరిక ఇవ్వగానే కొందరికి కడుపులో దడ మొదలవుతుంది. అదే నెల, అదే గాలి, అదే వాన చప్పుడు పాత రాత్రిని మళ్లీ ముందుకు తెస్తాయి. విపత్తు జరిగిన తేదీ దగ్గరపడుతున్నప్పుడు లక్షణాలు తిరగబెట్టడం మానసిక వైద్యులకు బాగా తెలిసిన విషయమే. ఈ తీరంలో ఆ తేదీలు చాలావరకు ఒకే నెలలో పడ్డాయి.

అలవాటు ఎక్కడ పనిచేయదు

అలవాటు ఉంటుంది, కాదనలేం. రోజుకొక మరణాన్ని చూసే ఐసీయూ నర్సుకు మరణం ఒక క్రమంలో వస్తుంది. రోగి పరిస్థితి విషమిస్తుంది, బంధువులకు ముందే చెబుతారు, చేయగలిగింది చేస్తారు, తర్వాత కాగితాలు పూర్తి చేస్తారు. మనసు ఆ క్రమానికి అలవాటు పడుతుంది. విపత్తు ఆ క్రమాన్నే చెడగొడుతుంది.

మామూలు రోజుల్లో ఎవరి పరిస్థితి ఎక్కువ విషమంగా ఉంటే వారి దగ్గరికి అందరూ పరుగెత్తుతారు. గంట వ్యవధిలో 50 మంది క్షతగాత్రులు వస్తే ఈ నియమం తలకిందులవుతుంది. అప్పుడు రోగులను రంగుల వారీగా వేరు చేస్తారు. తక్షణం చికిత్స అందితే బతికేవారికి ఎరుపు, కాసేపు ఆగగలిగినవారికి పసుపు, నడవగలిగినవారికి ఆకుపచ్చ. చనిపోయినవారికి, ఏం చేసినా బతికే అవకాశం లేనివారికి నలుపు. ఊపిరి ఆడుతున్న మనిషికి నల్ల పట్టీ కట్టి పక్కవారి దగ్గరికి వెళ్లడం శాస్త్రం ప్రకారం సరైన పనే. ఆ ఒక్కరి మీద ముగ్గురు అరగంట గడిపితే బతకాల్సిన ఇద్దరు పోవచ్చు. కానీ ఆ పట్టీ కట్టిన చేతులకు అన్నేళ్ల శిక్షణ అంతా ‘ఆ మనిషి దగ్గరే ఉండు’ అని నేర్పింది. బుద్ధికి సరిపడిన లెక్క మనసుకు సరిపడదు.

చిన్న ఆసుపత్రులకు మరో చిక్కు ఉంది, దాన్ని సాధారణంగా ఎవరూ గుర్తించరు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి వైపు వచ్చిన కేసుల్లో విషమంగా ఉన్నవారిని రక్తస్రావం ఆపి, సెలైన్ పెట్టి శ్రీకాకుళం పంపుతారు. అక్కడి నుంచి కొందరు విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) వెళతారు. విజయనగరం నుంచి కూడా చివరి గమ్యం విశాఖే. ఇరవై నిమిషాలు గాయాన్ని చేత్తో అదిమి పట్టుకున్న నర్సుకు ఆ రోగి బతికాడో లేదో తెలియదు. అంబులెన్స్ తలుపు వేయడంతో కథ మధ్యలో తెగిపోతుంది. ముగింపు తెలిసిన సంఘటనను మనసు ఎలాగో సర్దుకుంటుంది, అది దుఃఖమైనా సరే. తెలియనిదాన్ని మళ్లీ మళ్లీ తవ్వుతుంది. పంపిన రోగుల పరిస్థితి ఏమైందో మర్నాడు వెనక్కి తెలియజేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఒక ఫోను చాలు. అది ఎవరి బాధ్యతా కాదు కాబట్టి జరగదు.

వీటికి తోడు, తుపాను విషయంలో సిబ్బంది కూడా బాధితులే. వార్డులో ఉన్న ఉద్యోగికి ఇంటి పైకప్పు ఉందో లేదో తెలియదు. సెల్ టవర్లు పనిచేయవు. రోడ్లకు అడ్డంగా చెట్లు. తర్వాతి షిఫ్టు రావాల్సినవాళ్లు రాలేరు కాబట్టి ఉన్నవాళ్లు దిగలేరు. రెండు పగళ్లు, ఒక రాత్రి కలిసిపోయి ఒకే డ్యూటీ అవుతుంది.

అలసట వేరు, గాయం వేరు

ఇలాంటి స్థితులన్నిటినీ కలిపి ‘ఒత్తిడి’ అనేయడం వాడుక. కానీ వీటి తీరు వేరు, కాబట్టి మందూ వేరు.

మొదటి కొన్ని రోజులు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, తిండి సహించకపోవడం, అంబులెన్స్ సైరన్ వింటే గుండె వేగం పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. డ్యూటీలో వణకని చేతులు ఇంటికి వచ్చి కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు వణుకుతాయి. ఇది రోగం కాదు. ప్రమాద సమయంలో శరీరం విడుదల చేసిన ఉద్వేగ హార్మోన్లు దిగుతున్న దశ. ఎక్కువమంది కొన్ని వారాల్లో దానంతట అదే కోలుకుంటారు. నెల దాటినా ఆ దృశ్యాలు పీడకలలుగా వస్తుంటే, ఆ వార్డు వైపు వెళ్లడానికే కాళ్లు రాకపోతే, అప్పుడు అది చికిత్స అవసరమైన స్థితి, పీటీఎస్‌డీ అనే రుగ్మత కావచ్చు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వర్గీకరణలో ఒక స్పష్టత ఇచ్చింది. మృతదేహాల భాగాలను సేకరించే సిబ్బందిలా, వృత్తిరీత్యా పదేపదే భయంకర వివరాలకు గురయ్యేవారికి కూడా ఈ రుగ్మత రావచ్చని అందులో పేర్కొంది. తానే ప్రమాదంలో ఉండనక్కర్లేదు.

వృత్తిపరమైన అలసట (బర్నౌట్) దీనికి భిన్నం. అది ఒక రాత్రిలో రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని వ్యాధిగా కాకుండా పని పరిస్థితులకు సంబంధించిన స్థితిగా తన జాబితాలో చేర్చింది. శక్తి ఉడిగిపోవడం, పని మీద విముఖత, తాను ఏమీ సాధించడం లేదన్న భావన దీని మూడు ముఖాలు. రోగి పేరు పోయి ‘మూడో నంబరు బెడ్డు’ మిగలడం, బంధువు రెండోసారి అడిగితే కసురుకోవడం బయటికి కనిపించే గుర్తులు. ప్రభుత్వ ఆసుపత్రిలో కసిరారని ఫిర్యాదు చేసే రోగి మాటా నిజమే. ఆ కసురు వెనుక ఉన్న కారణం కొన్నిసార్లు ఇదీ కావచ్చు.

మూడోది ఇతరుల గాయాన్ని మోయడం వల్ల వచ్చే గాయం. బాధితుల కథలు వినీ వినీ, ఆ దృశ్యాలు తాము చూడకపోయినా చూసినట్టే వెంటాడతాయి. 1990లలో చార్లెస్ ఫిగ్లీ వంటి పరిశోధకులు దీన్ని విడిగా గుర్తించారు. కౌన్సెలర్లు, సామాజిక కార్యకర్తలు, ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఏఎన్ఎంలు, ఆశాలు దీనికి ఎక్కువగా లోనవుతారు.

అసలు విషయం నాలుగోది.

డయాలిసిస్ గదిలో లెక్కలు

ఏది చేయాలో తెలుసు. చేయనిచ్చే పరిస్థితి లేదు. తర్వాత ఆ ఫలితానికి తానే బాధ్యురాలినన్న భావన వదలదు. 1984లో ఆండ్రూ జేమ్‌టన్ నర్సుల విషయంలో దీన్ని నైతిక వేదనగా వివరించారు. 1990లలో వియత్నాం యుద్ధ సైనికులకు చికిత్స చేసిన జొనాథన్ షే, అదే తరహా స్థితిని నైతిక గాయం అన్నారు. భయం నుంచి పుట్టే రుగ్మత ‘నాకు ఏమవుతుందో’ అంటుంది. ఈ గాయం ‘నేను ఏం చేశానో’ అంటుంది.

ఉద్దానంలో దీన్ని అర్థం చేసుకోవడానికి డయాలిసిస్ కేంద్రాన్ని మించిన చోటు లేదు. ఈ ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి విస్తృతి తెలిసిందే. డయాలిసిస్ మీద ఉన్న రోగికి వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటల పాటు రక్తశుద్ధి జరగాలి. నిమిషానికి అర లీటరు చొప్పున ఒక్క విడతకు 120 లీటర్ల దాకా ద్రావణం కావాలి. దానికి శుద్ధి చేసిన నీరు, ఆ శుద్ధి ప్లాంటుకు కరెంటు, కరెంటు లేకుంటే డీజిల్, డీజిల్ రావడానికి రోడ్డు. తిత్లీ లాంటి తుపాను ఈ నాలుగింటినీ ఒకేసారి తెంచేస్తుంది.

కరెంటు పోయిన క్షణంలో యంత్రం అలారం మోగుతుంది. బ్యాటరీ కాసేపు ఆదుకుంటుంది. అదీ అయిపోతే టెక్నీషియన్ పంపు పక్కనున్న చిన్న పిడిని చేత్తో తిప్పుతూ, గొట్టాల్లో ఉన్న రక్తాన్ని రోగి ఒంట్లోకి వెనక్కి పంపాలి. వేగంగా తిప్పితే ఒక ప్రమాదం, ఆలస్యమైతే గొట్టంలోనే గడ్డకడుతుంది. పక్కన ఇంకో మూడు యంత్రాలు అదే అలారంతో మోగుతుంటాయి. ఇంత ఒత్తిడిలోనూ ఈ పని చాలామందిని తర్వాత బాధపెట్టదు, ఎందుకంటే చేయాల్సింది చేశారు. బాధపెట్టేది ఆ తర్వాతి లెక్క. ఉన్న డీజిల్‌తో ఎన్ని విడతలు నడపగలం? నాలుగు గంటలను రెండుకు కుదిస్తే ఇంకొందరికి చోటు దొరుకుతుంది, కానీ అందరికీ సగం చికిత్సే. ఎవరిని రేపటికి ఆపాలి? రాని రోగి దారిలో చిక్కుకున్నాడా, ఇంట్లోనే ఆయాసంతో ఉన్నాడా?

డయాలిసిస్ రోగి ఒక్కసారి వచ్చి వెళ్లేవాడు కాదు. టెక్నీషియన్‌కు ఆయన చేతిలో రక్తశుద్ధి సూది గుచ్చే ఫిస్టులా ఎక్కడుందో, కూతురు ఎక్కడ చదువుతోందో, ఉప్పు తగ్గించమంటే ఎలా తప్పించుకుంటాడో అన్నీ తెలుసు. అలాంటి మనిషి పేరు పక్కన ‘రేపు’ అని రాయడం మామూలు కాగితం పని కాదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాక ఈ ప్రాంతానికి యంత్రాలు, పడకలు పెరిగాయి. అయితే ఈ లెక్క తప్పించేది యంత్రాల సంఖ్య ఒక్కటే కాదు. తుపానుకు ముందే డీజిల్ నిల్వ, నీటి ట్యాంకర్లు, ముందస్తుగా రోగులను పిలిచి డయాలిసిస్ పూర్తిచేయడం ఉంటే, ఆ గదిలో ఎవరినీ వదిలేయాల్సిన అవసరమే తగ్గుతుంది. డీజిల్ ఏర్పాటును మానసిక ఆరోగ్య చర్యగా ఎవరూ చూడరు. నిజానికి అది అన్నిటికన్నా ముందు చేయాల్సిన చర్య.

ముక్కూ మొహం తెలిసినవాళ్లు

కూనేరు, కంటకాపల్లి ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ జగదల్‌పూర్ నుంచి భువనేశ్వర్ వెళ్లే రైలు. అందులో ఉన్నవారిలో చాలామంది ఛత్తీస్‌గఢ్, ఒడిశా వైపు ప్రయాణికులు. క్షతగాత్రులు పార్వతీపురం, రాయగడ ఆసుపత్రులకు చేరారు. అక్కడ సిబ్బందికి ఎదురైన కష్టం భాష, గుర్తింపు, బంధువులు రావడానికి పట్టే సమయం. కంటకాపల్లి దగ్గర ఢీకొన్నవి రెండూ స్థానికులు ఎక్కే ప్యాసింజర్లు. విశాఖలో పని చూసుకుని సాయంత్రం ఇంటికి తిరిగివచ్చేవాళ్ల బళ్లు. స్ట్రెచర్ మీద వచ్చేది పక్కింటివారో, కూడా చదువుకున్నవారో కావచ్చు. ఆ భయం ప్రతి కొత్త అంబులెన్స్‌తోనూ వస్తుంది.

అపరిచితుల విషయంలో సిబ్బందికి ఒక రక్షణ ఉంటుంది. అది పని, ఆ మనిషి ఎవరో తెలియదు. చిన్న పట్టణాల్లో ఆ తెర పలచన. పని ముగిసినా ముగియదు. బజారులో మృతుడి తమ్ముడు ఎదురవుతాడు, ‘ఆఖరున ఏమైనా మాట్లాడాడా?’ అని అడుగుతాడు. నగరంలోని పెద్ద ఆసుపత్రి నర్సుకు ఈ ప్రశ్న దాదాపు ఎదురుకాదు.

మృతదేహం దగ్గర జరిగే కాగితం పని కూడా మనసులో నాటుకుంటుంది. పంచనామాకు ముందు ఒంటిమీది వస్తువుల జాబితా రాయాలి. రెండు గాజులు, పసుపుతాడు, ప్లాస్టిక్ సంచిలో తడిసిన అరకిలో మిఠాయి పొట్లం, ఎక్కిన స్టేషన్ పేరున్న టికెట్టు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు రాస్తారు, కానిస్టేబుల్ సంతకం పెడతాడు. గాయాన్ని చూసి తట్టుకున్నవాళ్లు మిఠాయి పొట్లం దగ్గర ఆగిపోతారు. గాయం వైద్యానికి సంబంధించినది. పొట్లం ఇంటికి సంబంధించినది. అందుకే విపత్తు మృతుల గుర్తింపులో పనిచేసేవారికి ఇచ్చే శిక్షణలో ఒక సూచన తరచూ వినిపిస్తుంది. అవసరానికి మించి మృతుల వస్తువులను, ఫొటోలను, ఉత్తరాలను చూస్తూ ఉండవద్దని, తమ పిల్లల వయసువారి దేహాల దగ్గర పనిని వీలైతే మరొకరికి అప్పగించమని.

తెల్లకోటు లేనివాళ్లు

ఈ అంశం మీద జరిగే చర్చ అంతా డాక్టర్లు, నర్సుల చుట్టూ తిరుగుతుంది. స్ట్రెచర్ తోసే ఎంఎన్ఓ (పురుష సహాయకుడు), మహిళల దేహాలను శుభ్రం చేసే ఎఫ్ఎన్ఓ (మహిళా సహాయకురాలు), నేల మీద రక్తం కడిగే పారిశుద్ధ్య కార్మికురాలు, 108 అంబులెన్స్ డ్రైవరు, మార్చురీలో దేహాన్ని తెరిచి మళ్లీ కుట్టే సహాయకుడు ఆ చర్చలో ఉండరు. డాక్టరు దేహాన్ని పరీక్షించేది కాసేపు. సహాయకుడు రోజంతా ఆ గదిలోనే ఉంటాడు. తొక్కిసలాట, రైలు ప్రమాదం వంటి ఘటనల్లో ఒకే రోజు వరుసగా దేహాలు వస్తాయి. బయట బంధువుల కేకలు, త్వరగా అప్పగించాలని అధికారుల తొందర. ఆ పనిలో చాలాచోట్ల తరాలుగా కొన్ని కులాలవారే ఉండటం, దాన్ని ‘వాళ్లకు అలవాటే’ అని చూడటం ఈ సమాజం ఎంచుకున్న సౌకర్యం. వారిలో కొందరు మద్యాన్ని మత్తుమందులా వాడుకుంటే, అది దురలవాటుగానే నమోదవుతుంది. చికిత్స దొరకనివాడి సొంత చికిత్సగా నమోదు కాదు.

లక్షణాలు చెప్పుకునే తీరు కూడా వేరు. ‘మనసు బాగోలేదు’ అనే మాట ఈ వర్గంలో అరుదు. తల దిమ్ము, ఛాతీలో పట్టేసినట్టు, నడుము నొప్పి, గ్యాస్, బీపీ. ఇవే ఫిర్యాదులు. మందుల షాపులో గ్యాస్ మాత్ర దొరుకుతుంది, అక్కడితో సరి. డ్యూటీ నుంచి వచ్చి పెరట్లోనే స్నానం చేసి, బట్టలు అక్కడే తడిపి, తర్వాతే గడప దాటే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మైల అన్న నమ్మకంతో మొదలైనా, పనిని ఇంటి నుంచి విడదీసే గీతగా అది మేలు చేస్తుంది. డ్యూటీ ముగింపుకు ఒక స్పష్టమైన గుర్తు ఉండాలని మానసిక నిపుణులూ చెబుతారు. పెద్ద ఆసుపత్రుల్లో కూడా కింది సిబ్బందికి స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి సరైన గది ఎంత అరుదో తెలిసినవారికి ఈ సలహా విలువ అర్థమవుతుంది.

కొవిడ్: తీరం దాటని తుపాను

తుపానుకు, రైలు ప్రమాదానికి ఒక ముగింపు గంట ఉంటుంది. కొవిడ్‌కు లేదు. 2020 ఏప్రిల్ మూడో వారం దాకా రాష్ట్రంలో కేసులు లేని జిల్లాలు శ్రీకాకుళం, విజయనగరమే. విజయనగరంలో మే నెలలో గానీ తొలి కేసు రాలేదు. బయటికి అది అదృష్టంలా కనిపించింది. లోపల అది నిరీక్షణ. గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేలాది మత్స్యకారులు బస్సుల్లో తిరిగి వస్తుంటే, ఎక్కడెక్కడి నుంచో వలస కూలీలు నడిచి వస్తుంటే, రాబోయేదాన్ని లెక్కపెడుతూ కూర్చోవడమే పని. అప్పటికి రక్షణ దుస్తులు చాలినన్ని లేవు.

ఈ విపత్తులో సిబ్బంది భయం రెండు వైపులా ఉండేది. రోగి నుంచి తమకు, తమ నుంచి ఇంట్లోని ముసలి తల్లిదండ్రులకు. చాలామంది వారాల పాటు ఇంటికి వెళ్లలేదు. కొన్ని ఊళ్లలో అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నారు. సాయంత్రం చప్పట్లు కొట్టిన వీధే పొద్దున తలుపు వేసుకుంది.

పోల్చి చూడటానికి, కొవిడ్ లాంటి అంటువ్యాధి అయిన 2003 నాటి సార్స్ ఒక మంచి ఆధారం. సార్స్ రోగులకు చికిత్స చేసిన కెనడా టొరంటోలోని తొమ్మిది ఆసుపత్రుల సిబ్బందిని, ఆ వ్యాధి రాని హామిల్టన్‌లోని నాలుగు ఆసుపత్రుల సిబ్బందితో రాబర్ట్ మాండర్ బృందం పోల్చింది. ఏడాది నుంచి రెండేళ్లు గడిచాక కూడా టొరంటో సిబ్బందిలో అలసట, మానసిక వేదన ఎక్కువగానే ఉన్నాయి. కొందరు రోగులతో గడిపే సమయాన్ని తగ్గించుకున్నారు. పొగ, మద్యం పెరిగాయి. కొత్తగా మానసిక వ్యాధి నిర్ధారణ అయినవారు మాత్రం తక్కువే. అంటే ఎక్కువమంది ‘రోగులు’ కాలేదు, కానీ మునుపటిలా లేరు. తగిన శిక్షణ, రక్షణ, అండ తమకు దొరికాయని భావించినవారు మెరుగ్గా ఉన్నారు. ఇక్కడ గమనించాల్సింది, ఆ తేడా చూపిన అంశాల్లో ధైర్యసాహసాల కన్నా యాజమాన్యం చేతిలో ఉన్న ఏర్పాట్లదే పెద్ద పాత్ర.

మాట్లాడిస్తే తగ్గుతుందా?

విపత్తు తర్వాత సిబ్బందిని ఒకచోట కూర్చోబెట్టి, ఏం చూశారో ఒక్కొక్కరితో చెప్పించడం మంచిదని చాలాకాలం అనుకున్నారు. 1983లో అమెరికాలో జెఫ్రీ మిచెల్ రూపొందించిన పద్ధతి ఇలాగే వ్యాపించింది. వైద్య అధ్యయనాలను కలిపి విశ్లేషించే కోక్రేన్ సంస్థ 2002 నాటి సమీక్ష మాత్రం వేరే మాట చెప్పింది. ఒక్క విడత బలవంతపు చర్చ తర్వాతి రుగ్మతను ఆపదు. కొందరిలో హాని కూడా చేయవచ్చు. ఇంకా తేరుకోని మనిషి చేత ఆ దృశ్యాన్ని మళ్లీ వల్లె వేయించడం, వినేవాళ్లకు తాము చూడని దృశ్యాలను కూడా అంటించడం దీనికి కారణాలు కావచ్చు.

దాని స్థానంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నుంచి ప్రథమ మానసిక సహాయాన్ని సూచిస్తోంది. చూడు, విను, కలుపు. ముందు అవసరాన్ని గమనించాలి, చెప్పుకుంటే వినాలి, చెప్పమని ఒత్తిడి చేయకూడదు, తర్వాత కుటుంబంతోనో నిపుణుడితోనో కలపాలి. ఇందులో మొదటి అవసరాలు చాలా మామూలువి. నీళ్లు, భోజనం, ఇంటికి ఒక ఫోను, నిద్రపోవడానికి చోటు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యులు నేర్చుకున్న సూత్రం కూడా ఇక్కడ పనికివస్తుంది. పనిచేసే చోటికి దగ్గరలో, త్వరగా, తిరిగి కోలుకుంటావన్న నమ్మకంతో సాయం అందాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మానసిక సామాజిక సహాయంపై ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో కూడా ఇరవై నాలుగు గంటలూ మాట్లాడవచ్చు. ఈ నంబరు బాధితుల కోసం అనుకునేవారే ఎక్కువ. ఆసుపత్రి ఉద్యోగి తన కోసం అక్కడికి ఫోను చేయవచ్చన్న సంగతి వార్డు గోడ మీద రాసి పెట్టాల్సిందే.

ఆసుపత్రి లోపల అందరికన్నా ఎక్కువ తేడా తెచ్చేది తరచు హెడ్ నర్సు. ఎవరు వరుసగా మూడో రాత్రి చేస్తున్నారు, ఎవరు భోజనానికి వెళ్లలేదు, పిల్లల దేహాల దగ్గర ఉన్న అమ్మాయికి ఆ ఈడు పిల్లలున్నారా, ఇవి ఆమెకే తెలుస్తాయి. ఆమె చేతిలో మార్చడానికి వీలున్న డ్యూటీ చార్టు ఉంటే అదే వైద్యం. ఒక షిఫ్టుకు ఒక్క నర్సే ఉంటే హెడ్ నర్సు తెలిసీ ఏమీ చేయలేకపోతుంది. నైతిక గాయం అక్కడ ఇంకొకరికి అంటుకుంటుంది.

‘వైద్యో నారాయణో హరిః’ అని దండం పెట్టేవాళ్లే రోగి పోతే గల్లా పట్టుకుంటారు. దేవుడి హోదాలో ఉన్నవాళ్లు సెలవు అడగడం కష్టం. రాష్ట్రంలో ఆసుపత్రి సిబ్బందిపై దాడుల నివారణకు 2008 నుంచి చట్టం ఉంది. కానీ విపత్తు రాత్రి క్యాజువాలిటీ గేటు దగ్గర బంధువులకు సమాచారం చెప్పే మనిషిని ఒకరిని ప్రత్యేకంగా పెడితే, చట్టం దాకా వెళ్లాల్సిన సందర్భాలు బాగా తగ్గుతాయి. లోపల ఏం జరుగుతోందో తెలియకపోవడమే చాలా గొడవలకు మూలం.

ఇక ముందు

ఈ భారాన్ని పట్టించుకోకపోతే ప్రభావం వెంటనే కనిపించదు. కొన్నాళ్లకు క్యాజువాలిటీ నుంచి ఓపీకి బదిలీ కోరే దరఖాస్తులు పెరుగుతాయి. తీరప్రాంత ఆసుపత్రుల పోస్టులు ఖాళీగా మిగులుతాయి. నిద్రలేని చేతులతో మందుల మోతాదుల్లో పొరపాట్లు జరుగుతాయి. అనుభవజ్ఞులు వెళ్లిపోతే, తర్వాతి తుపానుకు కొత్తవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. విపత్తును ఒకసారి తట్టుకున్న బృందం తర్వాతి విపత్తుకు పెద్ద ఆస్తి, అది చెదరకుండా ఉంటేనే.

అందుబాటు విషయంలో ఒక చిక్కు మిగిలే ఉంది. మానసిక వైద్యంలో ప్రత్యేక ప్రభుత్వ ఆసుపత్రి విశాఖలో ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉన్నా, మండల స్థాయి సిబ్బందికి నిపుణుడు దొరకాలంటే జిల్లా కేంద్రానికో విశాఖకో వెళ్లాలి. రెగ్యులర్ ఉద్యోగికి దానికి సెలవు దొరుకుతుంది. ఔట్‌సోర్సింగ్ కార్మికుడికి చాలాచోట్ల వెళ్లిన రోజు జీతం పోతుంది. పైగా అతన్ని పంపింది ఏజెన్సీ, పనిచేసింది ఆసుపత్రిలో. వైద్య పరీక్షకు రాసి ఇవ్వాల్సింది ఎవరన్నది తేలకముందే కాంట్రాక్టు గడువు ముగిసి, అదే మార్చురీకి మరొకరు వస్తారు.